సి. కె. నాయుడు ఈనాడు ఆడియుండినచో

"మా తాతలు నేతులు త్రాగినారు, మా మూతులు వాసన చూడండి" అనునది తెలుగువారి సామెత. "పాత ఒక రోత, క్రొత్త ఒక వింత" అనునదియు తెలుగువారి సామెతయే. మొదటిది పూర్వుల ఘనత చెప్పుకొని కాలము గడుపువారిని ఎత్తిపొడుచును. రెండవది పూర్వులను తృణీకరించువారి గుట్టు బయటపెట్టును. ఆటల ప్రసంగము వచ్చినప్పుడు ఈ రెండు సామెతలకును పని కలుగుచుండును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములందు ఆదివారమునాడు మైదానముల ప్రక్కను, టీ దుకాణముల ముందును, బెంగుళూరు పోవు రైలుబండ్లలోను క్రికెట్టు మాట రాకుండ పొద్దు గడచుట అరుదు. మాట ముదిరినకొలది అది ఒక ప్రశ్నమునకు వచ్చి నిలుచును: ఆనాటి వీరుడు ఈనాడు ఆడినచో ఏమగును?

పెద్దలు "ఆ దెబ్బ ఏది, ఆ గుండె ఏది?" అందురు. పిన్నలు చేతిలోని ఫోనున అంకెలు చూపి, "ఏడు టెస్టులు, సగటు ఇరవైఐదు. ఇంతేనా మీ నాయుడు?" అందురు. ఒకరిది భక్తి, ఒకరిది లెక్క. భక్తి లెక్కను వినదు. లెక్క భక్తిని ఎరుగదు. అందుచే వాదము తెగదు.

ఈ వాదమునకు గురియైన కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపురమున ఒక తెలుగు కుటుంబమునందు జన్మించెను. 1916లో బొంబాయిలో హిందువుల జట్టు పక్షమున ఆడి ప్రథమశ్రేణి క్రికెట్టున అడుగుపెట్టెను. 1923లో హోల్కరు సంస్థానమునకు పోయి, ఆ సైన్యమున కర్నలు అయ్యెను. 1932 జూన్ 25న లండను నగరమున లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు ఆడినప్పుడు నాయకుడాయనయే. మరుసటి యేట విజ్డెన్ గ్రంథము ఆయనను ఆ యేటి అయిదుగురు మేటి ఆటగాండ్రలో ఒకనిగా ఎన్నుకొనెను. 1956లో పద్మభూషణ బిరుదము లభించెను. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూసెను.

ఈ చరిత్రయందు ఆంధ్రులు మరువరాని మాట యొకటి గలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములు చేరిన నాటి అనంతపురము జిల్లాయు అందులోనిదే. ఆ 1953-54 క్రీడాకాలముననే ఆంధ్ర జట్టు తొలిసారిగా రంజీ ట్రోఫీ పోటీలలో దిగెను. ఆ జట్టునకు మొదటి నాయకుడు సి. కె. నాయుడు. అప్పటికాయనకు ఏబదియెనిమిదేండ్లు. కావున ఆయనను గూర్చిన ప్రశ్న ఏ దూరదేశపు వీరుని గూర్చిన కాలక్షేపమో కాదు. అది తెలుగువారి ఇంటి లెక్క.

లెక్క సరిగా జరుగవలెనన్న ముందు ప్రశ్నను విడదీయవలెను. "ఆయన ఈనాడు ఆడినచో" అను మాటలో రెండు ప్రశ్నలు కలిసియున్నవి. 1926 నాటి నాయుడును ఆనాటి బ్యాటుతో, ఆనాటి అలవాట్లతో యథాతథముగా తెచ్చి నేటి మైదానమున నిలిపినచో ఏమగునని ఒక ప్రశ్న. అదే ప్రతిభ గల శిశువు నేటి కాలమున పుట్టి, నేటి శిక్షణతో పెరిగినచో ఏమగునని రెండవది. పిన్నలు మొదటిదానిని అడుగుచున్నారు. పెద్దలు రెండవదానికి ఉత్తరము చెప్పుచున్నారు. అడిగినది వేరు, చెప్పినది వేరు అయినప్పుడు ఇరువురును సత్యమే పలికినను కలహము తప్పదు.

బెంగుళూరు నుండి గుంతకల్లు పోవు రైలుమార్గమున హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వరుసగా వచ్చును. ఈ వివాదమును తేటపరచుటకు కావలసిన మూడు దృష్టాంతములును ఈ మూడు ఊళ్లలోనే లభించును. హిందూపురము తూకమును గూర్చియు, పెనుకొండ దేహమును గూర్చియు, ధర్మవరము పనిముట్టును గూర్చియు చెప్పును.

హిందూపురపు తూకము

హిందూపురము చింతపండునకు, బెల్లమునకు, మిరపకాయలకు పేరుపడిన బజారు. అచ్చటి పాత వర్తకులు వీసెలతోను, మణుగులతోను తూచిరి. ఎనిమిది వీసెలు ఒక మణుగు. 1956 నాటి చట్టముతో కిలోగ్రాము వచ్చి వీసెను సాగనంపెను. తాతనాటి చిట్టాలో "పది మణుగులు" అని యుండగా చూచి, మనుమడు "నా సరుకు నూరు కిలోలు, తాత సరుకు పదియే" అనినచో బజారువారు నవ్వుదురు. పది మణుగులు నూరు కిలోలకు తక్కువ కాదు, కొంచెము ఎక్కువయే. తూనికరాయి మారినదని తెలియక అంకెను మాత్రమే చూచుట ఆ మనుమని పొరపాటు.

"ఏడు టెస్టులు, సగటు ఇరువదియైదు" అనుట అట్టిదే. నాయుడు ప్రథమశ్రేణి ఆట ప్రారంభించిన తరువాత పదునారేండ్ల వరకు భారతదేశమునకు టెస్టు అనునదియే లేదు. మొదటి టెస్టునాటికి ఆయన వయస్సు ముప్పదియారు దాటినది. 1932 నుండి 1936 వరకు భారతదేశము ఆడిన టెస్టులు మొత్తము ఏడు: 1932లో ఒకటి, 1933-34లో మూడు, 1936లో మూడు. ఆ ఏడింటిలోను ఆయన ఆడెను. అటుపిమ్మట యుద్ధము వచ్చినది. 1946 వరకు భారతదేశమునకు మరల టెస్టు లేదు. దేశము ఏడు ఆడగా ఏడును ఆడినవానిని ఏడే ఆడినాడని ఆక్షేపించుట ఎట్లు? సచిన్ టెండూల్కరు 1989లో తన పదునారవ యేట టెస్టులలో ప్రవేశించి, 2013 వరకు రెండువందల టెస్టులు ఆడెను. నాయుడునకు పదునారవ యేటను టెస్టు లేదు, ఇరువదియవ యేటను లేదు, ముప్పదియవ యేటను లేదు. పంట కోసిన తరువాత చేనికి వచ్చి దిగుబడి ఎంతయని అడుగుట వంటిది ఆ సగటు.

సగటు అను తూకమెంత మోసకారియో తెలుపుటకు మరియొక తెలుగువాని లెక్క చాలును. మద్రాసున క్రికెట్టునకు మూలపురుషుడనదగిన బుచ్చిబాబు నాయుడు కుమారుడు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో ఆడి, 1936లో నలువదేండ్లు నిండిన పిమ్మట టెస్టు క్రికెట్టులో ప్రవేశించెను. ఆడినవి రెండు టెస్టులు. 40, 60, 29, అజేయముగా 41. సగటు 56.66. అదే పర్యటనమున సి. కె. నాయుడు ఓవల్ మైదానమున తన టెస్టు జీవితమునకెల్ల పెద్దదియైన 81 పరుగుల ఇన్నింగ్సు ఆడెను. సగటును మాత్రమే నమ్మినచో రామస్వామి నాయుడునకు రెండింతలు మించిన ఆటగాడని ఒప్పుకొనవలెను. ఆ మాట ఎవ్వరును అనరు. రామస్వామి ఘనుడే, కాని ఆ ఘనతను ఆ అంకె చెప్పజాలదు.

ఒక కాలపు మనిషిని ఆ కాలపు మనుష్యుల ప్రక్కన నిలిపి చూచుట న్యాయమైన తూకము. "ఆనాటి బౌలింగు సులభము" అనువారు బ్రాడ్మను సగటు 99.94 అయినప్పుడు, అదే కాలమున ఆడిన హామండ్ సగటు 58, హెడ్లీ సగటు 60 మాత్రమే ఏల అయినవో చెప్పవలెను. సులభమైనచో అందరికిని సులభమే కావలెను గదా. ఆ విధముగా చూచినప్పుడు, 1932 పర్యటనమున నాయుడు ప్రథమశ్రేణి పోటీలలో 1,618 పరుగులు చేసెను; భారత జట్టులో అంతకు మించినవాడు లేడు. లార్డ్స్ టెస్టు మొదటి ఇన్నింగ్సున జట్టు చేసిన 189 పరుగులలో ఆయనవి 40. అదియే ఆ ఇన్నింగ్సున పెద్ద సంఖ్య. మొత్తము ప్రథమశ్రేణిలో 207 పోటీలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్లు. ఇది ఆయన అసలు చిట్టా. ఏడు టెస్టులు దానికి అంచున వ్రాసిన ముక్క మాత్రమే.

పెనుకొండ దేహము

రెండవ ఆక్షేపణ దేహమును గూర్చినది. నేటి ఆటగాండ్రకు శిక్షకులు, వైద్యులు, పథ్యము, వ్యాయామశాలలు గలవు. ఆనాటివారు ఆ వేగమును తట్టుకొనగలరా యని పిన్నల సందేహము. పెనుకొండ కోటను చూచినవారికి ఈ సందేహము కొంత సడలవలెను. విజయనగర రాజులకు అది రెండవ ముఖ్యస్థానము. 1565 యుద్ధమున విజయనగరము పాడుపడిన పిమ్మట అదియే రాజధాని. ఆ వంశమును మించిన కీర్తి గడించిన కృష్ణదేవరాయల దినచర్యను 1520 ప్రాంతమున పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వర్ణించెను. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తి, త్రాగిన నూనె చెమటగా కారువరకు కత్తి సాము చేసి, మల్లునితో కుస్తీ పట్టి, పిదప గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు స్వారి చేయుచుండెనట. దేహమును సాధించుట నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. పరికరములు మారినవి, చెమట మారలేదు.

నాయుడు దేహమును గూర్చి ఊహ అక్కరలేదు, సాక్ష్యమే గలదు. ఇతర వీరుల విషయమున "వేరొక కాలమున ఎట్లుండెడివాడు" అను ప్రశ్న కల్పన మాత్రమే. ఆయన విషయమున అది చాలవరకు జరిగి చూచిన పరీక్ష. 1916లో ఆరంభించినవాడు 1945-46 రంజీ తుదిపోటీలో, ఏబదియవ యేట, బరోడాపై 200 పరుగులు చేసెను. 1951-52 తుదిపోటీలో, ఏబదియారేండ్ల వయస్సున, బొంబాయి జట్టు వేగపు బౌలరు దత్తు ఫడ్కర్ వేసిన బంతి ముఖమునకు తగిలి పండ్లు రాలినను ఆట విడువలేదు. 1953-54లో ఆంధ్ర జట్టును నడిపెను. 1956-57లో అరువదియొకటవ యేట ఉత్తర ప్రదేశము పక్షమున ఆడి ఏబదికి మించిన పరుగులు చేసెను. 1963లో అరువదియెనిమిదవ యేట ఒక ధర్మార్థపు పోటీలో చివరిసారిగా ప్రథమశ్రేణి మైదానమున దిగెను. తాను ఆట ప్రారంభించినప్పుడు పుట్టనైన పుట్టని బౌలర్లను ఆయన ఎదుర్కొనెను. ఒక కాలమువాడు మరియొక కాలమున నిలువగలడా యని అడుగువారికి ఆయన ఇచ్చిన ఉత్తరమిది. వయస్సు అను బరువును మోయుచు ఇచ్చిన ఉత్తరమని మరువరాదు.

అట్లని పిన్నల వాదములో సత్యము లేదనరాదు. దేశీయపు పోటీ టెస్టు కాదు. 1926 నాటి నాయుడును యథాతథముగా తెచ్చి నేడు నిలిపినచో మొదటి దినములు కష్టముగానే గడచును. ఆయన ఏ బంతిని ఎచ్చట కొట్టునో చలనచిత్రములు తీసి, వారము దినములలో ప్రత్యర్థులు లోపము పట్టుదురు. చేతి వడి మార్చకుండ మెల్లగా విడుచు బంతి ఆయన ఎరుగనిది. హద్దు గీటు మీదినుండి ఎగిరి పట్టు ఫీల్డర్లు ఆయన కాలమున లేరు. 1935కు పూర్వము ఆఫ్ ప్రక్క నేలను తాకి లోనికి వచ్చు బంతికి కాలు అడ్డము పడినను ఎల్.బి.డబ్ల్యు. నిబంధన వర్తింపకుండెను. ఆ మేరకు ఆనాటివారికి ఊరట కలదని ఒప్పుకొనవలెను.

కాని బండి రెండు దిక్కులకును పోవలెను. నేటి శూరుని అట్లే తీసికొనిపోయి 1926లో నిలిపిన ఏమగును? శిరస్త్రాణము లేదు, అది 1970ల చివర గాని వాడుకలోనికి రాలేదు. చేతి తొడుగులు పలుచనివి. ఇంగ్లండులో వాన కురిసినచో తడిసిన నేలమీదనే ఆడవలెను. మన దేశమున పలుచోట్ల కొబ్బరినార చాపమీద ఆడవలెను. సముద్రముపై వారముల తరబడి ప్రయాణము చేసి దిగి, అలవాటు లేని చలిలో బ్యాటు పట్టవలెను. ఆయనకును మొదటి దినములు కష్టముగానే గడచును. ఇరువురిని సమానముగా బాధించునది కాలముల మధ్య దూరమే గాని ఎవ్వరి చేతకానితనమును కాదు.

ధర్మవరపు మగ్గము

ధర్మవరము పట్టుచీరల ఊరు. ఒక నేతగాడు చేతిమగ్గముపై జరీ అంచు చీరను దినముల తరబడి నేయును. మరమగ్గము అంతకంటె ఎన్నో రెట్లు వడిగా వస్త్రము దింపును. గజములు కొలిచి మరమగ్గము నడుపువాడే మేటి నేతగాడని ధర్మవరమున ఎవ్వరైన అనినచో విని ఊరకొనరు. పనివాని నేర్పును ఎంచుటకు ముందు పనిముట్టు ఏదియని అడుగుట ఆ ఊరి మర్యాద.

1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానమున గిలిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై నాయుడు రెండు గంటలు దాటకుండ 153 పరుగులు చేసెను. అందు పదునొకండు సిక్సర్లు. అనగా 66 పరుగులు గాలిలోనే వచ్చినవి. ఆ ఆటకు మెచ్చి ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించిరి. 2013 ఏప్రిల్ 23న, హిందూపురమునకు రైలున కొన్ని గంటల దూరముననున్న బెంగుళూరులో, క్రిస్ గేల్ ఐ.పి.ఎల్. పోటీలో 66 బంతులలో పదునేడు సిక్సర్లతో 175 పరుగులు చేసి అజేయముగా నిలిచెను. పదునేడు పదునొకండునకు ఎక్కువయనుట గణితము. కాని గేల్ చేతి బ్యాటు మందమైన అంచులు గలది. అట్టి బ్యాట్లు హద్దుమీరుటచే 2017లో అంచు నలువది మిల్లీమీటర్లు మించరాదని నిబంధన చేయవలసి వచ్చినది. నేడు హద్దు త్రాడును లోనికి జరుపుట పరిపాటి. బంతి సరిగా తగులకున్నను త్రాడు దాటుచుండును. నాయుడు పట్టినది పలుచని తేలిక బ్యాటు. బంతి దానికి నడుమ తగిలిననే సిక్సరు; అంచున తగిలినచో ఫీల్డరు చేతిలోనే పడును.

కావున నాయుడు చేతికి నేటి బ్యాటు నిచ్చి, త్రాడు నేటి దూరమున పరచినచో ఆ పదునొకండు ఎన్ని యగునో చెప్పనక్కరలేదు. ఆరడుగులు దాటిన నిడుపైన విగ్రహము, దూరమున పడు బంతిని ముందునకు సాగి అందుకొనగల చేయి, ముందడుగునకు జంకని కాలు, బౌలరు నెత్తిమీదుగా తిన్నగా పోవు దెబ్బ. ఇవి ఏ కాలపు బ్యాటుతోనైనను పనికివచ్చు గుణములు. 2003లో పుట్టిన ఇరువది ఓవర్ల ఆటను ఆయన చూడలేదు. ఆ ఆట కోరు స్వభావము మాత్రము ఆయనకు దానికి డెబ్బదియేడేండ్లు ముందే కలదు.

బుట్టబంతి చెప్పు నీతి

ఈ వివాదము క్రికెట్టునకు మాత్రమే పరిమితము కాదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటను గూర్చి ఇట్టి చర్చ నిత్యము సాగుచుండును. ఏడడుగుల ఒక అంగుళము పొడవుగల విల్ట్ చాంబర్లేన్ 1962 మార్చి 2న ఒక్క పోటీలో నూరు పాయింట్లు సాధించెను. ఆ క్రీడాకాలమున ఆయన సగటు పోటీకి 50.4. ఆ సంఖ్యలను నేటివరకు ఎవ్వరును అందుకొనలేదు. "ఆనాడు ప్రత్యర్థులు పొట్టివారు; నేడైనచో సాగదు" అని కొందరు, "నేటి శిక్షణతో ఇంకను హెచ్చు చేసెడివాడు" అని కొందరు వాదింతురు. హిందూపురపు టీ దుకాణమున వినబడు మాటలే ఆంగ్లమున అచ్చట వినబడును.

కాని ఆ ఆట చరిత్రలో ఒక విశేషము గలదు. చాంబర్లేన్‌కు ముందు జార్జి మైకన్ అను ఆజానుబాహుడు బుట్ట క్రింద నిలిచి ఎవ్వరికిని అందనీయకుండ బంతి వేయుచుండెను. బుట్ట ముందు దాడి చేయువాడు మూడు సెకండ్లకు మించి నిలువరాని చోటు ఒకటి యుండును. మైకన్‌ను నిగ్రహించుటకై 1951లో దాని వెడల్పును ఆరడుగుల నుండి పండ్రెండడుగులకు పెంచిరి. 1950లో ప్రత్యర్థులు ఆయనకు బంతి దక్కనీయరాదని దానిని పట్టుకొని కాలము గడుపగా, ఒక పోటీ 19-18 పాయింట్లతో ముగిసెను. అట్టి జడత్వము పోవుటకై 1954లో ఇరువదినాలుగు సెకండ్లలో బంతి వేయవలెనను నియమము తెచ్చిరి. చాంబర్లేన్ వచ్చిన పిమ్మట 1964లో ఆ వెడల్పును మరల పదునారడుగులు చేసిరి. 1967లో పుట్టిన మరియొక సంఘమునకు మైకన్ అధ్యక్షుడై, దూరమునుండి వేసిన బంతికి మూడు పాయింట్లను నియమమును ప్రవేశపెట్టెను. పొడవైనవాని ఆధిక్యమును నేడు తగ్గించుచున్నది ఆ పొడవైనవాడు నాటిన విత్తనమే!

దీనివలన తేలు నీతి యేమన, మహాపురుషుడు కాలమున పుట్టి ఊరకుండడు; కాలమును మార్చును. అతని తరువాతి ఆటలో అతని ముద్ర యుండును. కావున అతనిని తరువాతి కాలమున నిలిపి చూచునప్పుడు, అతడు చేసిపెట్టిన ఇంటిలో అతనినే అతిథిగా నిలిపి పరీక్షించుచున్నారమాట. నాయుడు విషయమును అంతియే. గిలిగన్ జట్టు వచ్చిన 1926-27 పర్యటనమున భారతీయులు ఆడిన ఆట చూచిన పిమ్మట, 1928లో భారత క్రికెట్టు బోర్డు ఏర్పడెను. 1932లో మొదటి టెస్టు వచ్చెను. ఆ పర్యటనమునకు తలమానికము ఆ 153 పరుగులు. నేటి ఆటగాడు నిలిచియున్న మెట్టును కట్టినవారిలో ఆయన మొదటివాడు.

రాఘవ సాక్ష్యము

ఇందునకు ఎదురు సాక్ష్యమును దాచరాదు. 1880లో ఇదే అనంతపురము సీమలోని తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ తెలుగు రంగస్థలమున సాటిలేని నటుడు. కాలము మారి చలనచిత్రము వచ్చినది. 1936లో "ద్రౌపదీ మానసంరక్షణము" చిత్రమున ఆయన దుర్యోధనుడు. అదే యేట పోటీగా వచ్చిన "ద్రౌపదీ వస్త్రాపహరణము" జనాదరణ పొందగా, రాఘవ చిత్రము వెనుకబడెను. రంగస్థలమున వేలమందిని కదలించిన కంఠము తెరమీద ఆ పని చేయలేకపోయెను. 1939లో "రైతుబిడ్డ"లో ఆయన నటన ప్రశంస పొందినను, రాఘవ యన్న నేటికిని తలపునకు వచ్చునది రంగస్థలమే. ప్రతిభ అన్ని వేదికల మీదను ఒక్క తీరున ఫలింపదు. ఈ సత్యమును నాయుడు భక్తులు గూడ గ్రహింపవలెను.

తీర్పు

ఇక రెండవ ప్రశ్నకు రావలెను. అదే శిశువు నేడు పుట్టి పెరిగియుండినచో? కొన్ని అన్యాయములు తప్పెడివి. 1936 పర్యటనమున జట్టులో అనుభవజ్ఞుడైన నాయుడుండగా, నాయకత్వము విజయనగరపు మహారాజకుమారునికి దక్కెను. ఆ నాయకుడు మూడు టెస్టులలో చేసినవి మొత్తము 33 పరుగులు. సంపదయు పదవియు నాయకత్వము నిచ్చు ఆ పద్ధతి నేడు లేదు. నేటి నాయుడు ఇరువదవ యేటనే టెస్టులాడి, నలువదవ యేటికి నూరు దాటియుండును. సంస్థానాధిపతి దయకై చూడక తన ఆటతోనే ధనము గడించియుండును. అంకెలు పెరిగెడివి, పిన్నలు ఫోనున చూచి మెచ్చెడివారు.

అయినను ఒకటి పోయెడిది. బొంబాయిలో ఆ పదునొకండు సిక్సర్లు కొట్టిననాడు దేశము పరాధీనము. పాలించువారి జట్టు బౌలింగును ఒక భారతీయుడు మైదానము వెలుపలికి కొట్టుచుండగా చూచినవారికి అది ఆట మాత్రమే కాదు. తామును ఎవ్వరికిని తీసిపోమను ధైర్యము. నేడు మూడు గంటలలో ముప్పది సిక్సర్లు చూచువారికి ఏ సిక్సరును ఆ పని చేయజాలదు. ప్రతిభను ఒక కాలమునుండి మరియొక కాలమునకు తేవచ్చును. దాని అవసరమును తేలేము. ఆకలిగొన్నవానికి పెట్టిన ముద్దను, విందు భోజనమున వడ్డించిన ముద్దను ఒకే తూకమున తూచలేము.

పెద్దలు "నేటివారెవ్వరును సాటి రారు" అనుట మానవలెను. 2024 డిసెంబరులో మెల్బోర్ను మైదానమున విశాఖపట్టణపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు శతకము సాధించిననాడు, ఆనాటి ఆంధ్ర జట్టు నాయకుని చూచినవారు జీవించియుండినచో సంతోషించియుందురే గాని ఈసడించియుండరు. పిన్నలు "ఇంతేనా?" అనుట మానవలెను. 2024 సెప్టెంబరులో అనంతపురమున దులీప్ ట్రోఫీ పోటీలు జరిగినప్పుడు, దేశమునందలి మేటి ఆటగాండ్రను చూచుటకు ఈ మూడు ఊళ్లవారికి రైలెక్కినంత మాత్రము చాలినది. ఇరువదిమూడేండ్ల లోపు యువకులకై ఏటేట జరుగు జాతీయ పోటీకి కర్నల్ సి. కె. నాయుడు ట్రోఫీయని పేరు. ఆంధ్ర పక్షమున ఆ పోటీలో ఆడు కుర్రవాడు ఆ పేరు తన రాష్ట్రపు మొదటి నాయకునిదని ఎరిగి మైదానమున దిగవలెను.

ఆయన నేడుండిన ఏమగునను ప్రశ్నకు ఎన్ని ఉత్తరములైన చెప్పవచ్చును. ఏదియు రుజువు కాదు. ఆయన ఆనాడు లేకుండినచో మన ఆట ఏమయ్యెడిదను ప్రశ్నకు ఉత్తరము వెదకువారికి 1926, 1928, 1932, 1953 అను నాలుగు సంవత్సరములు చాలును. హిందూపురపు టీ దుకాణమున ఈ ఆదివారము వాదము మరల మొదలగునప్పుడు, ఫోనులోని సగటు ప్రక్కన ఆ నాలుగు అంకెలను గూడ వ్రాసికొనుట న్యాయము.